యథాస్థాన సంకరణం: లేబుల్ ఎంపికకు కణజాలమే ప్రమాణం

మొక్కలో ఒక జన్యువు ఉన్నదో లేదో పి.సి.ఆర్. తెలుపుతుంది. ఆ జన్యువు ఏ కణంలో పనిచేస్తున్నదో, ఏ క్రోమోజోముపై ఏ స్థానంలో ఉన్నదో కంటికి చూపగలిగేది ఇన్ సిటు హైబ్రిడైజేషన్, అనగా యథాస్థాన సంకరణం. 1969లో జోసెఫ్ గాల్, మేరీ లూ పార్డ్యూ ట్రిటియంతో గుర్తించిన రైబోజోమల్ ఆర్.ఎన్.ఎ.ను ఉపయోగించి కప్పజాతి జీవి అండకణాలలో ఈ పద్ధతిని నిరూపించారు. నేడు సస్య విజ్ఞాన ప్రయోగశాలలలోనూ ఇది పరిచితమైనదే. అయితే ప్రోబ్‌కు ఏ లేబుల్ తగిలించాలి, దానిని ఏ విధంగా గుర్తించాలి అనే నిర్ణయం శాస్త్రీయ వివేచనతో గాక, శీతల పేటికలో ఏ కిట్ మిగిలి ఉన్నదన్న దానినిబట్టి జరిగిపోయే ప్రమాదం ఉంది. ఈ క్రమం తలక్రిందులైనది. లక్ష్యం, కణజాలం ముందు, కిట్ తరువాత.

రేడియోధార్మిక లేబుళ్ల విషయం తొలుత పరిశీలించదగినది. ట్రిటియం వెలువరించే బీటా కణాల శక్తి స్వల్పం కాబట్టి సంకేతం స్పష్టమైన స్థానంలో కనిపిస్తుంది. కాని ఎమల్షన్ పూసిన స్లైడును వారాలు, ఒక్కొక్కసారి నెలలు చీకటిలో ఉంచవలసివస్తుంది. ఫాస్ఫరస్-32 ఫలితాన్ని త్వరగా ఇస్తుంది. అధిక శక్తి కారణంగా సంకేతం చెదరి, కణస్థాయి స్పష్టత లోపిస్తుంది. పైగా దాని అర్ధాయువు 14.3 రోజులే. అణుశక్తి నియంత్రణ మండలి అనుమతి, వ్యర్థాల నిర్వహణ వంటి బాధ్యతలను కూడా లెక్కిస్తే, సాధారణ వ్యవసాయ ప్రయోగశాలకు ఇది మొదటి ఎంపిక కాజాలదు.

రేడియోధార్మికత లేని లేబుళ్లలో ప్రధానమైనవి బయోటిన్, డిగాక్సిజెనిన్. 1981లో బయోటిన్ తగిలించిన న్యూక్లియోటైడ్లు వెలుగులోకి రావడంతో ఈ రంగం మలుపు తిరిగింది. కాని బయోటిన్ ఒక విటమిన్; జీవకణాలన్నింటిలో సహజంగా ఉంటుంది. గింజలలో బయోటిన్‌తో బంధితమైన ప్రోటీన్లు కూడా ఉంటాయి. అందుచేత ఎదుగుతున్న పప్పుగింజ కోతలపై అవిడిన్ ప్రయోగించినపుడు, ప్రోబ్ లేకపోయినా రంగు రావచ్చు. ఆ రంగును జన్యు వ్యక్తీకరణగా భావించిన విద్యార్థి సిద్ధాంతవ్యాసం మొత్తం పునాది లేనిదవుతుంది. డిగాక్సిజెనిన్ డిజిటాలిస్ జాతి మొక్కలనుండి లభించే స్టీరాయిడ్. వరి, కంది, వేరుశనగ కణజాలాలలో అది ఉండదు కాబట్టి ప్రతిరక్షకం దానినే గుర్తించిందన్న నమ్మకం కలుగుతుంది. కావున గింజల, పూమొగ్గల కోతలలో ఎం.ఆర్.ఎన్.ఎ. అధ్యయనానికి డిగాక్సిజెనిన్‌నే ఎంచుకోవడం సమంజసం. కణద్రవ్యం తొలగిన క్రోమోజోము స్లైడ్లపై మాత్రం బయోటిన్ రెండవ లేబుల్‌గా చక్కగా ఉపకరిస్తుంది.

సంకేతాన్ని గుర్తించే పద్ధతికీ ఇదే సూత్రం వర్తిస్తుంది. వేళ్లలో, నాళికా కణజాలాలలో పెరాక్సిడేజ్ సహజంగానే సమృద్ధం. ఆ ఎంజైముపై ఆధారపడిన గోధుమరంగు చర్యను, ఫినాలిక్ పదార్థాలవల్ల కోత నల్లబడటాన్ని వేరుచేయడం కష్టం. ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ ఇచ్చే ఊదారంగు అవక్షేపం సాధారణ సూక్ష్మదర్శినిలోనే కనిపిస్తుంది. స్లైడ్లు చాలాకాలం నిలుస్తాయి. అయితే రంగు గాఢతను జన్యు వ్యక్తీకరణ పరిమాణంగా లెక్కించరాదు. ప్రతిదీప్తి పద్ధతి ఒకే క్రోమోజోముపై రెండు మూడు లక్ష్యాలను వేర్వేరు రంగులలో చూపగలదు. కాని ఆకు కోతలలో పత్రహరితం ఎర్రగా, లిగ్నిన్ గల కణకుడ్యాలు నీలం, ఆకుపచ్చ వర్ణాలలో స్వయంగా ప్రకాశిస్తాయి. క్రోమోజోముకు వరమైనది ఆకు కోతకు శాపం కావచ్చు.

లేబుల్ ఎంపిక తీర్చలేని పరిమితులు సైతం ఉన్నాయి. రై మొక్కనుండి గోధుమలో చేరిన 1ఆర్ క్రోమోజోము పొట్టి భుజాన్ని జీనోమిక్ ఇన్ సిటు హైబ్రిడైజేషన్ స్పష్టంగా చూపుతుంది. రెండు జీనోముల మధ్య దూరమే దానికి కారణం. 40 క్రోమోజోములు గల సాగు వేరుశనగలో ఎ, బి జీనోములు వేర్వేరు వన్యజాతులనుండి వచ్చినవి. ఆకుమచ్చ, తుప్పు తెగుళ్ల నిరోధకతకై ఎ జీనోము గల అరాకిస్ కార్డెనాసీ వంటి వన్యజాతినుండి తెచ్చిన చిన్న ఖండాన్ని, సన్నిహితమైన సాగు ఎ జీనోమునుండి వేరుచేసి చూపడం కష్టం. ఎంత ప్రకాశవంతమైన వర్ణం వాడినా బంధుత్వం మారదు. అటువంటిచోట అణు సూచికలను ఆశ్రయించడమే వివేకం.

డిగాక్సిజెనిన్ ప్రతిరక్షకం ఖరీదైనదని, నిరంతర శీతల నిల్వ కోరుతుందని అభ్యంతరం చెప్పవచ్చు. అది నిజమే. కాని ఖరీఫ్ ఏడాదికొక్కసారే వస్తుంది. సరైన దశలో సేకరించి స్థిరీకరించిన మొగ్గలు అపార్థపు సంకేతాలకు బలైతే కలిగే నష్టం ప్రతిరక్షకం ధరకన్న అధికం. పునరావృత డి.ఎన్.ఎ. వరుసల గుర్తింపుకు ముందే వర్ణం తగిలించిన ఆలిగో ప్రోబులు వాడితే ప్రతిరక్షకం అవసరమే ఉండదు. వ్యయం, కాలం రెండూ ఆదా అవుతాయి.

ఈ దృష్ట్యా విద్యార్థి పరిశోధన ప్రణాళికను ఆమోదించే సంఘాలు మూడు ప్రశ్నలు అడగడం అవసరం. లక్ష్యవరుస పొడవెంత, ప్రతులెన్ని? ఆ కణజాలంలో సహజంగా ఉన్న బయోటిన్, ఎంజైములు, స్వయంప్రకాశం ఏమేరకు? సెన్స్ ప్రోబ్, ప్రోబ్ లేని స్లైడు, ప్రతిరక్షకం లేని స్లైడు, తప్పక సంకేతమిచ్చే 45ఎస్ రైబోజోమల్ ప్రోబ్ వంటి నియంత్రణలు ప్రణాళికలో ఉన్నాయా? చివరి నియంత్రణ లేనిదే, సంకేతం రాలేదు కాబట్టి జన్యువు లేదని తీర్మానించే హక్కు ఎవరికీ లేదు.

విస్తరణ శాస్త్రవేత్తకు ఇది ప్రయోగశాలకే పరిమితమైన చర్చగా తోచవచ్చు. కాని వన్యజాతి నిరోధకత కొత్త రకంలో చేరిందన్న మాటను రైతు వద్దకు చేర్చేది ఆయనే. ఆ మాటకు ఆధారం సూక్ష్మదర్శిని చిత్రమైనపుడు, దాని ప్రక్కన నియంత్రణ చిత్రం ఉన్నదా అని అడగడం ఆయన బాధ్యత.