శీలపరీక్ష ఆటగాళ్ళకి, హారతి యజమానులకి

బారీ బాండ్స్ 762 హోమ్ రన్లు కొట్టాడు. అమెరికన్ మేజర్ లీగ్ బేస్‌బాల్‌లో అంతకంటే ఎక్కువ కొట్టినవాడు ఇప్పటిదాకా లేడు. లీగ్‌లో ఆ ఏటి మేటి ఆటగాడికిచ్చే అవార్డు ఏడుసార్లు తీసుకున్నాడు. న్యూయార్క్ రాష్ట్రంలో కూపర్స్‌టౌన్ అనే చిన్న ఊళ్ళో ఉన్న బేస్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో అతని కంచు ఫలకం లేదు. బడ్ సీలిగ్ ఫలకం ఉంది. సీలిగ్ కార్ల వ్యాపారి, మిల్వాకీ జట్టు ఓనరు, తర్వాత మొత్తం ఆటకే కమిషనర్. బాండ్స్ మీద ఉన్న నింద స్టెరాయిడ్లు వాడాడని. ఆ స్టెరాయిడ్లు ఏరులై పారిన కాలంలో ఆటని నడిపిన పెద్దమనిషి సీలిగ్.

బాండ్స్ అమాయకుడని నేను అనట్లేదు. అతని తరఫున వకాల్తా పుచ్చుకోవడం నా పని కాదు. నేనడిగేది ఒకటే. ఒకే ఇంట్లో జరిగిన తప్పుకి పనివాణ్ణి గడప బయట నిలబెట్టి, ఇంటి యజమానిని పీట మీద కూర్చోబెట్టడం ఏ న్యాయం?

ముందు ఈ ఎంపిక ఎలా జరుగుతుందో చెప్పాలి. హాల్‌కి రెండు తలుపులున్నాయి. మొదటిది అందరికీ కనిపించేది. బేస్‌బాల్ గురించి రాసే విలేకరుల సంఘంలో పదేళ్ళ సభ్యత్వం ఉన్నవాళ్ళు ఓటర్లు. పది సీజన్లు ఆడి, రిటైరై ఐదేళ్ళయిన ఆటగాళ్ళ పేర్లు బ్యాలెట్ మీదికొస్తాయి. ఒక్కో ఓటరు పదిమంది దాకా టిక్కు పెట్టొచ్చు. 75 శాతం వస్తే లోపలికి, 5 శాతం కూడా రాకపోతే ఇంటికి. మధ్యలో ఉన్నవాళ్ళకి మళ్ళీ ఏడాది, అలా పదేళ్ళ దాకా అవకాశం. ఒకప్పుడు పదిహేనేళ్ళుండేది. 2014లో పదికి కుదించారు. బాండ్స్ పేరు బ్యాలెట్ ఎక్కిన మరుసటేడే అది జరగడం కాకతాళీయం అని నమ్మేవాళ్ళు నమ్మొచ్చు. పదో ఏట, 2022లో, అతనికి 66 శాతం దగ్గర ఆగిపోయింది. అతనితోపాటే వచ్చిన పిచర్ రోజర్ క్లెమెన్స్‌కి 65.

రెండో తలుపు చిన్నది, వెనకవైపుది. విలేకరులు వదిలేసిన పాత ఆటగాళ్ళనీ, మేనేజర్లనీ, అంపైర్లనీ, ఓనర్లనీ, కమిషనర్లనీ పదహారుమంది కమిటీ ఒక గదిలో కూర్చుని తేలుస్తుంది. పన్నెండు ఓట్లు వస్తే చాలు. ఆ పదహారుమందిలో హాల్‌లో చోటున్న ఆటగాళ్ళతో పాటు జట్ల ఎగ్జిక్యూటివ్‌లూ ఉంటారు. 2016 డిసెంబర్‌లో ఆ గది సీలిగ్‌కి 15 ఓట్లిచ్చింది. 2022 డిసెంబర్‌లో అలాంటి గదిలోనే బాండ్స్‌కి నాలుగు ఓట్లు కూడా రాలేదు.

ఇప్పుడు అసలు మెలిక. ఎంపికకి చూడాల్సినవి ఆరు అని హాల్ నియమావళిలో ఉంది: రికార్డు, ఆటలో సామర్థ్యం, నిజాయితీ, క్రీడాస్ఫూర్తి, శీలం, జట్టుకి చేసిన మేలు. ఆరింట్లో మూడు గుణగణాలే! కమిటీలకీ ఇంచుమించు ఇవే కొలతలు. ఈ శీలం క్లాజు 1940ల మధ్యలో వచ్చి చేరింది. ఏ కాలంలో చేరిందో ఒకసారి ఆలోచించండి. అప్పటికి మేజర్ లీగుల్లో ఒక్క నల్లవాడు లేడు. జాకీ రాబిన్సన్ మైదానంలో అడుగుపెట్టింది 1947లో. అంటే, ఒక జాతి మొత్తాన్ని గేటు బయట నిలబెట్టిన ఆట, లోపలివాళ్ళ శీలం కొలవడానికి టేపు కొనుక్కుంది.

ఆ టేపుతో మొదట కొలవాల్సిన మనిషి కెనెసా మౌంటెన్ లాండిస్. బేస్‌బాల్ మొదటి కమిషనర్, మాజీ జడ్జి. దాదాపు 24 ఏళ్ళు ఆటని ఏలాడు. నల్లవాళ్ళని తీసుకోకూడదనే రూలే లేదు అని 1942లో బల్లగుద్ది చెప్పాడు. ఆయన పోయేదాకా ఒక్కరూ రాలేదు. 1944 నవంబర్‌లో పోయాడు, కొద్ది వారాలకే హాల్‌లోకి ఎక్కించారు. ఐదేళ్ళు ఆగడం, బ్యాలెట్, టిక్కులు, ఏమీ లేవు. 2020లో విలేకరుల సంఘం తామిచ్చే మేటి ఆటగాడి అవార్డు మీంచి ఆయన పేరు తీసేసింది. ఫలకం మాత్రం అక్కడే ఉంది.

తర్వాత టామ్ యాకీ. బోస్టన్ రెడ్ సాక్స్ ఓనరు. మేజర్ లీగ్ జట్లన్నిట్లోకీ చిట్టచివర, 1959లో గానీ, ఆ జట్టు ఒక నల్ల ఆటగాణ్ణి తీసుకోలేదు. రాబిన్సన్ వచ్చిన పన్నెండేళ్ళకి. యాకీ 1980లో హాల్‌లో చేరాడు. స్టేడియం పక్క వీధికి ఆయన పేరుండేది, 2018లో జట్టు తనే అడిగి తీయించుకుంది. ఊరికి సిగ్గేసింది, హాల్‌కి వెయ్యలేదు. (టై కాబ్ పేరు ఎత్తలేదేమని అడుగుతారేమో. అతని గురించి చలామణిలో ఉన్న కథలన్నీ నిజం కావని వాదించే పుస్తకాలున్నాయి. తేలని కేసుతో నాకు పనిలేదు, తేలినవే బోలెడున్నాయి.)

ఆటలో మోసం చేసినవాడికి చోటులేదన్న మాటైనా నిజమా అంటే, అదీ కాదు. గేలార్డ్ పెర్రీ అనే పిచర్ బంతికి ఉమ్మీ, జిడ్డూ పూసి వేసేవాడు. 1920 నుంచీ నిషేధించిన పని అది. ఇంకా ఆడుతుండగానే, 1974లో, ఆ సంగతి ఒప్పుకుంటూ పుస్తకం రాసుకున్నాడు. 1991లో హాల్‌లోకి తీసుకున్నారు. అతని కథ చెప్పి ఇప్పటికీ ముచ్చటగా నవ్వుకుంటారు. జిడ్డు పూస్తే చిలిపితనం, సూది గుచ్చుకుంటే పాపం.

స్టెరాయిడ్లు వేరు, ఒళ్ళు పాడవుతుంది, వాడనివాడి పొట్ట కొడుతుంది అంటారు. ఒప్పుకుంటాను. నిజంగా నష్టపోయింది సూది పుచ్చుకోకుండా ఆడి, చోటు దక్కక చిన్న లీగుల్లోనే మిగిలిపోయినవాళ్ళు. కానీ ఆ మాట అనే నోరు హాల్‌కి ఎక్కడిది? 1994లో సమ్మె, ఆ ఏడు వరల్డ్ సిరీస్ రద్దు. అలిగిన జనాన్ని మళ్ళీ స్టేడియాలకి రప్పించింది 1998లో మార్క్ మగ్వైర్, సామీ సోసాల హోమ్ రన్ల పోటీ. ఒకడు 70, ఇంకొకడు 66. వాళ్ళ కండలు అందరి కళ్ళ ముందే పెరిగాయి. టికెట్లు అమ్ముడయ్యాయి, టీవీ డబ్బులొచ్చాయి. శిక్షతో కూడిన పరీక్షలు 2004 దాకా రాలేదు. ఆటగాళ్ళ యూనియన్ కూడా అడ్డుపడింది, అదీ చెప్పాలి. కానీ లాభం పంచుకున్న ఓనర్లకి ఒక లెక్క, చెమటోడ్చినవాడికి ఒక లెక్క. ఆ రోజుల్లో హోమ్ రన్ల మీద కావ్యాలల్లిన విలేకరులే పదేళ్ళ తర్వాత బ్యాలెట్ పట్టుకుని ధర్మరాజులయ్యారు. సీలిగ్‌ని తీసుకున్నాక కొందరు ఓటర్లకి మాత్రం మనసు చివుక్కుమంది. ఆయన ఉన్నప్పుడు వీళ్ళెందుకు ఉండకూడదని పైకే అన్నారు. బాండ్స్ ఓట్లు 44 శాతం నుంచి 54కి పెరిగింది ఆ ఏడే. మరుసటి నవంబర్లో, మాజీ ఆటగాడూ హాల్ వైస్ ఛైర్మనూ అయిన జో మోర్గన్ ఓటర్లందరికీ ఉత్తరం రాశాడు, స్టెరాయిడ్ వాళ్ళకి వెయ్యొద్దని. ఎన్నికలు నడిపేవాళ్ళే ప్రచారం కూడా చేశారన్నమాట.

అసలు ఈ హాల్ ప్రభుత్వానిది కాదు. సింగర్ కుట్టుమిషను డబ్బుతో పెరిగిన క్లార్క్ కుటుంబం పూనుకుని, ఊరికి నాలుగు రాళ్ళు రాలతాయని పెట్టించింది. 1936లో మొదటి ఎన్నిక, 1939లో తలుపులు తెరిచారు. కూపర్స్‌టౌనే ఎందుకంటే, 1839లో ఆబ్నర్ డబుల్‌డే అనే సైనికాధికారి బేస్‌బాల్‌ని అక్కడ కనిపెట్టాడట. ఆ ఏడు అతను వెస్ట్ పాయింట్ సైనిక పాఠశాలలో చదువుకుంటున్నాడు. ఊరికి స్థలపురాణం కావాలి, అల్లుకున్నారు. పురాణం మీద కట్టిన గుళ్ళో శీలం గురించి ఉపన్యాసాలు!

మనకెందుకీ దూరపు గొడవ అంటారా? ఒక్క సంగతి వినండి. 1971 మొదట్లో, నీగ్రో లీగుల్లో ఆడిన గొప్పవాళ్ళని కూడా గౌరవిస్తాం అని హాల్ ప్రకటించింది. ఎక్కడ? అసలు హాల్లో కాదు, పక్కన విడిగా ఒక విభాగంలో. టీ దుకాణంలో రెండు గ్లాసుల పద్ధతి తెలిసిన మనకి దీని అర్థం ఎవరూ విడమర్చి చెప్పక్కర్లేదు. టీ ఒకటే, గ్లాసు వేరు. గోల లేచింది. కొన్ని నెలలకి దిగొచ్చి, సాచెల్ పేజ్‌ని అందరితో సమానంగా తీసుకున్నారు. కిందనుంచి అరిచేదాకా అందులో తప్పేమిటో పైవాళ్ళకి తెలియలేదు.

2006లో ఇంకో ఘనకార్యం. నీగ్రో లీగుల కోసం వేసిన ప్రత్యేక కమిటీ పదిహేడుమందిని ఎన్నుకుంది. పదిహేడుమందీ చనిపోయినవాళ్ళే. తుది జాబితాలో బతికున్నవాళ్ళు ఇద్దరే: బక్ ఓనీల్, మినీ మినోసో. ఇద్దరినీ వదిలేశారు. ఆ లీగుల జ్ఞాపకాలని భుజాన వేసుకుని దేశమంతా తిరిగి చెప్పింది ఓనీల్. అప్పటికి 94 ఏళ్ళు. ఆ జూలైలో కూపర్స్‌టౌన్ వచ్చి, తనకి దక్కని గౌరవం అందుకున్న ఆ పదిహేడుమంది తరఫున వేదిక మీద నిలబడి మాట్లాడాడు, పాట పాడించాడు. అక్టోబర్‌లో పోయాడు. మినోసో 2015లో పోయాడు. 2022లో ఇద్దరికీ ఫలకాలు పెట్టారు.

డిక్ ఆలెన్‌కి కమిటీలో ఒక్క ఓటు తక్కువైంది, 2014లో. 2020లో పోయాడు. 2021లో మళ్ళీ ఒక్క ఓటే తక్కువ. 2024 డిసెంబర్‌లో ఎన్నుకున్నారు. బతికుండగా పట్టెడన్నం పెట్టనివాళ్ళే పోయాక తద్దినం ఘనంగా పెడతారు. పీట్ రోజ్ విషయంలో ఇది ఏకంగా రూలైంది. 4,256 హిట్లు కొట్టిన రోజ్‌ని పందాలు కాసినందుకు 1989లో ఆటనుంచి శాశ్వతంగా వెలివేశారు. అది కమిషనర్ తీర్పు. కానీ వెలివేసినవాడి పేరు బ్యాలెట్ మీదికే రాకూడదని హాల్ బోర్డు 1991లో కొత్త నియమం పెట్టింది, రోజ్ పేరు రావాల్సిన ఏడాదికి సరిగ్గా ముందు. ఓటర్లు కాదంటారేమో అన్న ఓపిక కూడా లేదు. రోజ్ 2024 సెప్టెంబర్ 30న పోయాడు. శాశ్వత నిషేధం చావుతో ముగుస్తుందని ఇప్పటి కమిషనర్ 2025 మేలో తేల్చాడు. ఇక ఎన్నుకోవచ్చు, కృతజ్ఞతలు చెప్పడానికి అతను లేడు.

అన్నిటికంటే నాకు ఒళ్ళు మండేది మార్విన్ మిల్లర్ కథ. 1966 నుంచి 1982 దాకా ఆటగాళ్ళ యూనియన్‌ని నడిపినవాడు. ఆటగాడు జీవితాంతం ఒకే ఓనరుకి కట్టుబడి ఉండే పద్ధతిని బద్దలు కొట్టించినవాడు. ఎదురుగా నిలబడి దాదాపు ప్రతిసారీ ఓడిపోయిన కమిషనర్ బోవీ క్యూన్. 2007 ఫిబ్రవరిలో ఓటర్లు హాల్‌లో ఉన్న ఆటగాళ్ళే ఎక్కువ. మిల్లర్‌కి 63 శాతం, క్యూన్‌కి 17. ఇద్దరూ ఎన్నిక కాలేదు. హాల్ ఏం చేసింది? ఓటర్లని మార్చేసింది. పన్నెండుమందితో కొత్త కమిటీ, అందులో ఏడుగురు యాజమాన్యాల మనుషులు. అదే ఏడు డిసెంబర్‌లో క్యూన్‌కి పది ఓట్లు, మిల్లర్‌కి మూడు. ఆట మారలేదు, రికార్డు మారలేదు, పది నెలల్లో మనుషుల శీలమూ మారలేదు. ఓటేసే చేతులు మారాయి. మరుసటేడు మిల్లర్, దయచేసి నా పేరు మళ్ళీ పెట్టకండి అని ఉత్తరం రాశాడు. పెట్టారు, ఓడించారు, మళ్ళీ పెట్టారు. 2012లో పోయాడు. 2019 డిసెంబర్‌లో ఎన్నుకున్నారు.

ఎవరు ఎవరికి వేశారో చెప్పమంటే చెప్పరు. విలేకరులు తమ ఓట్లన్నీ బయటపెడదామని 2016లో తామే తీర్మానించుకుంటే, కుదరదంది హాల్ బోర్డు. పదహారుమంది గదిలో అయితే ఆ ప్రశ్నే లేదు. ఇంకొకడి నిజాయితీ మీద తీర్పు చెప్పేవాడు తన పేరు చెప్పడానికి ఎందుకు జడుస్తాడు? శీలం క్లాజు ఉంచాలనుకుంటే ఉంచండి. పేర్లు బయటపెట్టి ఓటెయ్యండి, కమిషనర్లకీ ఓనర్లకీ కూడా అదే టేపు పట్టండి, కమిటీలో యాజమాన్యాల వాళ్ళని కూర్చోబెట్టకండి. అంత ధైర్యం లేకపోతే ఆ మూడు మాటలు కొట్టేసి, ఎవరెంత బాగా ఆడారో అదొక్కటే చూడండి. బాండ్స్ ఫలకం మీద స్టెరాయిడ్ల మాట కూడా చెక్కించండి, నాకభ్యంతరం లేదు. లాండిస్ ఫలకం మీద మిగతాది కూడా చెక్కాలి మరి.

ఇంకొక్క పేరుంది. 1969 అక్టోబర్‌లో సెయింట్ లూయిస్ జట్టు కర్ట్ ఫ్లడ్ అనే నల్ల ఆటగాణ్ణి ఫిలడెల్ఫియాకి పంపేసి, బదులుగా ఇందాక చెప్పిన డిక్ ఆలెన్‌ని తెచ్చుకుంది. ఫ్లడ్‌ని అడగలేదు, అడగక్కర్లేదు, అప్పటి పద్ధతి అది. నేను అమ్ముకునే కొనుక్కునే సరుకుని కాదంటూ క్రిస్మస్ ముందురోజు ఫ్లడ్ కమిషనర్‌కి ఉత్తరం రాశాడు, కోర్టుకెళ్ళాడు. 1972లో సుప్రీంకోర్టులో 5-3తో ఓడిపోయాడు. అప్పటికే అతని ఆట అయిపోయింది. 1975 చివర్లో అదే పద్ధతి కూలింది, తర్వాతి తరాలు కోట్లు సంపాదించుకున్నాయి. ఫ్లడ్ 1997లో పోయాడు. ఆ ఉత్తరం అందుకున్న కమిషనర్ బోవీ క్యూన్. క్యూన్ ఫలకం కూపర్స్‌టౌన్ గోడ మీదుంది. ఫ్లడ్‌ది ఇంకా లేదు.