తలలో పువ్వుంటే సీసాలో పండు!

సినిమా మనకు అన్నీ ఇచ్చింది. మాట ఇచ్చింది, పాట ఇచ్చింది, రంగులిచ్చింది. ఒక్కటి మాత్రం ఇవ్వలేకపోయింది... వాసన! ప్రయత్నించలేదని కాదు. 1960లో అమెరికాలో ‘సెంట్ ఆఫ్ మిస్టరీ’ అనే చిత్రం ఆడుతుంటే, సీట్ల దగ్గరికి గొట్టాలు వేసి సన్నివేశానికి తగిన వాసనలు వదిలారు. 1981లో ‘పాలియెస్టర్’ అనే చిత్రానికి వచ్చిన ప్రేక్షకులకు ఒక అట్టముక్క ఇచ్చారు. తెరమీద అంకె కనిపించగానే అట్టమీద ఆ అంకెను గోటితో గీకి వాసన చూడాలన్నమాట! రెండూ నాలుగు రోజుల ముచ్చటే అయ్యాయి. మన ‘మల్లెపూవు’ (1978) చూసినవాళ్లకు శోభన్ బాబు కనిపించారు గాని తెరమీంచి మల్లెవాసన రాలేదు. ముందు వరుసలో కూర్చున్న అమ్మాయి జడలోంచి వచ్చి వుంటే అది వేరే సంగతి!

సెంటు సీసాలు అమ్మేవాళ్లకూ ఇదే చిక్కు. పత్రికలో, టీవీలో, ఫోనులో ఎక్కడా వాసన చూపించలేరు. అందుకని ఒక తార మొహం పెడతారు. పక్కన రెండు పళ్లు, నాలుగు గులాబీ రెక్కలు చల్లుతారు. మనం బొమ్మ చూసి వాసన కొనేస్తాం!

ఈ వారం పుల్లలచెరువు నుంచి వచ్చిన ఉత్తరం సరిగ్గా ఈ విషయం మీదే. డిగ్రీ చదువుతున్న ఒక పాఠకురాలు రాశారు. ఎండాకాలంలో అక్క పెళ్లి. పళ్ల వాసనా పూల వాసనా కలిసిన కొత్త బాడీ మిస్ట్ కొనుక్కోవాలని డబ్బులు దాచుకున్నారట. ఏది ఎంచుకోవాలి? ఒకదానిమీద ఒకటి ‘లేయర్’ చేయాలంటున్నారు, అంటే రెండు సీసాలు కొనాలా? చివర్లో ఇంకో మాట. “మా అమ్మ, ట్యాంకరు నీళ్లకు బిందెలు పట్టుకు నిలబడే వూళ్లో సెంట్లేమిటే అంటోంది. మాలాంటివాళ్లకు ఇది తగదంటారా?”

చివరి ప్రశ్నకే ముందు జవాబు చెప్పాలి.

అమ్మ మాట సగం నిజం

చెమటకు దానంతటదిగా వాసన దాదాపు వుండదు. చర్మం మీదుండే సూక్ష్మజీవులు ఆ చెమటను విడగొడితేనే వాసన పుడుతుంది. మిస్ట్ ఆ పని ఆపదు, పైన ఒక దుప్పటి కప్పుతుందంతే. చెమటా, పీచ్ పండూ కలిసిన వాసన విడిగా చెమట వాసనకన్నా ఘోరం! కాబట్టి ముందు నీళ్లు. నీళ్లకు కటకటగా వున్న రోజున చెంబుడు నీళ్లతోనైనా చంకలూ, మెడా, పాదాలూ సబ్బుతో కడుక్కుని, ఉతికి ఎండలో ఆరేసిన నూలు బట్ట కట్టుకుంటే సగం పని అయినట్టే. ఇంతవరకు అమ్మదే గెలుపు.

మిగతా సగానికి వినుకొండ దాటి కొండవీడు పోవాలి. అక్కడ 14వ శతాబ్దం చివర కుమారగిరి రెడ్డి ఏటేటా వసంతోత్సవాలు చేయించేవాడు. కప్పురం, కస్తూరి, గంధం, పన్నీరు జల్లుకుంటూ ఎంత వేడుక చేశాడంటే ఆయనకు ‘కర్పూర వసంతరాయలు’ అనే బిరుదే వచ్చింది. ఆ పేరుతోనే సి. నారాయణరెడ్డి గారు 1957లో కావ్యం రాశారు. ఆ సుగంధాలను సముద్రం దాటి తెప్పించి ఇచ్చిన వర్తకుడు అవచి తిప్పయ సెట్టి. శ్రీనాథుడు తన ‘హరవిలాసం’ ఆయనకే అంకితమిచ్చాడు. అంటే సువాసన ఎక్కడో పారిస్ నుంచి ఊడిపడ్డది కాదు, మన పక్క సీమలోదే. ఆనాడది రాజుకు తగింది. ఈనాడు డిగ్రీ చదివే పిల్లకు తగదని ఎవరన్నారు? తగనిది సెంటు కాదు, తెలియకుండా డబ్బు పోసెయ్యడం.

సీసాలో ఏముంది?

బాడీ మిస్ట్ అంటే బాగా పల్చన చేసిన సెంటు. ఎక్కువ భాగం ఆల్కహాలూ నీళ్లే. సుగంధ తైలం నూటికి 1 నుంచి 3 పాళ్లు వుంటే గొప్ప. ‘ఓ ద పర్ఫ్యూమ్’ అని రాసుండే ఖరీదైన సీసాల్లో అది నూటికి 15, 20 పాళ్ల దాకా వుంటుంది. కాబట్టి మిస్ట్ రెండు మూడు గంటలు నిలిస్తే దాని ధర్మం అది నెరవేర్చినట్టే. “పొద్దున చల్లుకుంటే సాయంత్రానికి లేదు” అని దుకాణదారుడితో తగువు పెట్టుకోకండి.

వాసన మూడు అంకాల నాటకం. తెర లేవగానే వచ్చేవి పళ్లు: నిమ్మ, ఆపిల్, పీచ్, లిచీ. ఇవి పావుగంటలో నిష్క్రమిస్తాయి. రెండో అంకం పూలది: మల్లె, గులాబీ. చివర మిగిలేవి గంధం, కస్తూరి, వెనిలా లాంటివి. సీసా మూత తీసి ఒక్కసారి వాసన చూసి కొనడమంటే టైటిల్స్ చూసి సినిమా బాగుందనడమే!

ఇంకో రహస్యం. ఆ సీసాలో పండు వుండదు. నిమ్మ, నారింజల తొక్కల నుంచి నూనె పిండవచ్చు గాని, పీచ్, ఆపిల్ లాంటివాటి నుంచి సెంటుకు పనికొచ్చే నూనె రాదు. ఆ వాసనలు రసాయనశాలలో కూర్చినవి. పీచ్ వాసననిచ్చే పదార్థాన్ని 1908లోనే తయారుచేశారు. ఫ్రాన్సులో గెర్లాన్ వారి ‘మిత్సుకో’ (1919) దానివల్లే పేరుపొందింది. ఇందులో మోసమేమీ లేదు. కాని ‘అసలు పళ్ల రసంతో’ అని ఎవరైనా అంటే ఎక్కువ డబ్బులు మాత్రం ఇవ్వకండి.

ఐదు పొరలు ఇదివరకే వున్నాయి

ఇక లేయరింగ్. ఇదేదో కొత్త విద్య అనుకుంటున్నారు గాని మన ఆడపిల్ల పొద్దున్నే చేసేది అదే. వేళ్ల మీద లెక్కపెట్టండి. ఒంటికి సబ్బు ఒకటి, తలకు కొబ్బరినూనె రెండు, మొహానికీ మెడకూ పౌడరు మూడు, జడలో పూలు నాలుగు, పెట్టెలోంచి తీసిన పట్టుచీరకున్న వాసన ఐదు. ఇన్నిటిమీద మిస్ట్ ఆరోది! అంటే మీకు కావలసింది రెండో సీసా కాదు, వున్న ఐదింటితో పోట్లాడని ఒక్క సీసా.

దీనికి నేను చెప్పే సూత్రం చిన్నది: తలలో పువ్వుంటే సీసాలో పండు, తలలో పువ్వు లేకపోతే సీసాలో పువ్వు.

రెండు మూరల మల్లెలు పెట్టుకున్నప్పుడు సీసాలోనూ మల్లె, గులాబీ ఘాటుగా వుంటే ఇద్దరు కథానాయికలు ఒకే ఫ్రేములో తోసుకున్నట్టుంటుంది. ఆ రోజుకు నిమ్మ, పియర్, లిచీ ముందుండే మిస్ట్ మంచిది. సాయంత్రం విచ్చుకునే మల్లె మిగతా కథ నడుపుతుంది. మామూలు కాలేజీ రోజున పూలు లేకపోతే పూల పాలు ఎక్కువున్నది చల్లుకోండి. కొబ్బరినూనె బాగా పట్టించే అలవాటుంటే పీచ్, మామిడి, వెనిలా దానితో చక్కగా కలుస్తాయి. మిస్ట్ వేసుకునే రోజున పౌడరు వాసన తక్కువది వాడండి, లేదా మానేయండి. అబ్బాయిలూ, మీకూ ఇదే లెక్క. ఘాటు డియోడరెంటు మీద మిస్ట్ కొట్టుకుంటే రెండూ చెడతాయి.

ఎండ మాట మరవకూడదు. మార్కాపురం, ఎర్రగొండపాలెం వైపు వేసవిలో 40 డిగ్రీలు దాటుతుంది. ఆ వేడికి పళ్ల వాసన ఇంకా తొందరగా ఎగిరిపోతుంది. వెనిలా, చక్కెరపాకం లాంటి తీపి వాసనలు మాత్రం చిక్కబడి తలనొప్పి తెస్తాయి. పగటి పెళ్లికి తేలికవి, రాత్రి వేడుకకు తీపివి.

దుకాణంలో...

ఒకేసారి రెండు మూడు రకాలకన్నా ఎక్కువ చూడకండి, ముక్కు అలిసిపోతుంది. ఒక్కో మణికట్టుమీద ఒక్కోటి చల్లించుకుని, రుద్దకుండా, బజారులో అరగంట వేరే పని చూసుకుని రండి. అప్పటికీ ఏది నచ్చితే అది మీది. వీలుంటే చిన్న సీసా కొనండి. తయారీదారు పేరూ చిరునామా, తయారైన తేదీ, బ్యాచి నంబరు, గరిష్ఠ ధర... ఇవి లేని సీసా ఎంత చవకైనా ముట్టుకోవద్దు. పెళ్లికి రెండు రోజుల ముందే మోచేతి మడతలో కొంచెం చల్లి చూసుకోండి. దురదా, దద్దూ వస్తే ఆ సీసా మీది కాదు.

చల్లుకునే పద్ధతి

స్నానం చేసి తుడుచుకున్నాక, ఒంటిమీద కాస్త తేమ వుండగానే వాసన లేని క్రీము గాని, రెండు చుక్కల కొబ్బరినూనె గాని రాయండి. పొడి చర్మంమీద కంటే అక్కడ వాసన ఎక్కువసేపు పట్టుకుంటుంది. జానెడు దూరం నుంచి మెడకు రెండు పక్కలా, మోచేతి మడతల్లో, మణికట్లమీద ఒక్కొక్కసారి చాలు. చీర కట్టుకోకముందే చల్లుకోండి, పట్టుమీద పడితే మరక నిలుస్తుంది. గాయాలమీదా, అప్పుడే షేవింగ్ చేసిన చోటా వద్దు. అన్నిటికన్నా ముఖ్యం, పొయ్యి దగ్గరా దీపం దగ్గరా అసలే వద్దు. అందులో వున్నది ఆల్కహాలు, భగ్గుమంటుంది! సీసాను కిటికీలో ఎండకు పెట్టకుండా బీరువాలో దాచండి.

చల్లుకున్న కాసేపటికి మీ ముక్కుకు ఆ వాసన అలవాటైపోతుంది. పోయిందనుకుని మళ్లీ కొట్టుకుంటారు. పోలేదు, కిక్కిరిసిన బస్సులో పక్కసీటు పెద్దాయనకు బాగానే తెలుస్తోంది. ఆయనకు ఉబ్బసముంటే ప్రాణం మీదికి వస్తుంది. అనుమానమొస్తే చెల్లెల్ని అడగండి, నిజం చెబుతుంది.

‘శ్రీకృష్ణ తులాభారం’ (1966)లో జమున గారి సత్యభామను తలచుకోండి. నగలన్నీ పోసినా స్వామి తూగలేదు, ఒక్క తులసిదళానికి తూగాడు. వాసన సంగతీ అంతే. అందుకని పుల్లలచెరువు చెల్లెలికి నా సలహా: ఒక్క చిన్న సీసా కొనుక్కోండి. రెండో సీసాకని దాచిన డబ్బుతో పెళ్లినాడు మీకో రెండు మూరలు, అమ్మకో రెండు మూరలు మల్లెపూలు తీసుకోండి.