ఓడిపోయినంత మాత్రాన ఖతం అయినట్టేనా?

"ఫలానా పహిల్వాన్ పని ఖతం భాయ్. మేనేజ్‌మెంట్ దిల్‌లోంచి దిగిపోయాడు." డబ్ల్యూడబ్ల్యూఈ చూసే దోస్తుల మధ్య ఈ ఖబర్ ఎప్పుడూ తిరుగుతూనే ఉంటుంది. ఎవరు చెప్పారంటే "లోపలివాళ్ళు". సబూత్ ఏదంటే "మొన్న ఓడిపోయాడుగా!"

జనాబ్, ఈ కుస్తీలో గెలుపోటములు ముందే రాసిపెట్టినవి. ఇదేం కొత్త రాజ్ కాదు. తమది పోటీ కాదు, వినోదమేనని 1989లోనే ఆ కంపెనీ న్యూజెర్సీ చట్టసభ ముందు ఒప్పుకుంది. మరి కథ కోసం ఓడినవాడి ఓటమి, మాలిక్ కోపానికి గవాహీ ఎలా అవుతుంది?

డేనియల్ బ్రయాన్‌నే చూడండి. 2012 రెసిల్‌మేనియాలో షేమస్ చేతిలో 18 సెకన్లలో ఓడాడు. 2014 రెసిల్‌మేనియా ఆఖరి కుస్తీలో అదే మనిషి ఛాంపియన్. డ్రూ మెకింటైర్‌ని, జిందర్ మహల్‌ని 2014లో కంపెనీ బయటికే పంపేసింది. అది అఫ్వా కాదు, హకీకత్. అయినా ఇద్దరూ తిరిగొచ్చారు. మహల్ 2017లో, మెకింటైర్ 2020లో అదే కంపెనీ టైటిల్ గెలిచారు. నిజంగా గేటు దాటినవాళ్ళ కిస్మతే ఇలా తిరిగితే, రెండు వారాలు టీవీలో కనబడనివాడి మీద ఫైసలా ఇవ్వడానికి తొందరెందుకు?

పైగా అఫ్వాను కంపెనీయే సరుకుగా అమ్ముకుంటుంది. 2011 జూన్‌లో సీఎం పంక్ మైకు పట్టుకుని మాలిక్‌నీ, అతని ఖాందాన్‌నీ కడిగేశాడు. మైకు కట్ చేశారు. అతను వెళ్ళిపోతున్నాడని జనానికి యకీన్ కుదిరింది. మరుసటి నెల షికాగో శివారులో టైటిల్ అతనిదే! అదే ఏడాది నవంబర్‌లో మళ్ళీ గెలిచి 434 రోజులు ఛాంపియన్‌గా ఉన్నాడు.

అఫ్వాలన్నీ ఝూటేనని నా దావా కాదు. 1997 నవంబర్‌లో మాంట్రియల్‌లో బ్రెట్ హార్ట్‌కి చెప్పకుండా ఫలితం మార్చేసి టైటిల్ లాక్కున్నారు. అది అసలైన ధోకా. కానీ ఒక్క మాట ఆలోచించండి. రింగులో ఉన్న బ్రెట్‌కే తెలియని సంగతి, ఫోన్ ముందు కూర్చున్న మన భాయ్‌కి ఎలా తెలుస్తుంది?

ఈ అఫ్వాల తమాషా ఏమిటంటే, పహిల్వాన్ ఓడితే "నేను చెప్పలేదా?" అంటారు. గెలిస్తే "మేనేజ్‌మెంట్ మనసు మార్చుకుంది" అంటారు. ఏం జరిగినా తప్పని తేలని మాటను ఖబర్ అనలేం.

దీనివల్ల నుక్సాన్ ఎవరికి? ఒళ్ళు హూనం చేసుకునే పహిల్వాన్‌కే. కథ గెలవమంటే గెలిచి, ఓడమంటే ఓడిన మనిషిని మనం నాలాయక్ అని తీర్మానించేస్తాం. కాగితం మీద వాళ్ళు ఉద్యోగులు కూడా కారు, స్వతంత్ర కాంట్రాక్టర్లు. 2020 ఏప్రిల్‌లో, కరోనా మధ్యలో, ఒక్కరోజే ఎందరినో పంపేశారు. మాట్లాడాలంటే ఆ కాంట్రాక్టుల గురించి మాట్లాడాలి. రోజూ ఉత్తుత్తి జనాజాలు లేపుతూ ఉంటే, నిజంగా రోజీ పోయినవాడి ఫిర్యాదు ఎవరి చెవికెక్కుతుంది?

కాబట్టి ఈసారి అలాంటి మాట వినబడితే రెండే సవాళ్ళు వేయండి: చెప్పినవాడికి ఎలా తెలుసు? ఏం జరిగితే అది అబద్ధమని ఒప్పుకుంటాడు? జవాబు లేకపోతే ఆ మాటను అక్కడే ఆపేయండి. కుస్తీ మాత్రం మజాగా చూడండి.