చదవకుండా వేసిన జవాబు దావా

ప్రతివాది తరఫున వకాలతు పుచ్చుకున్న న్యాయవాది మొదట చేయవలసిన పని వాది దావాను ఆసాంతం చదవడం. అందులో లేని ఆరోపణకు జవాబు దాఖలు చేసేవాడు తన కక్షిదారుకే ద్రోహం చేసినవాడు. వృత్తిలో నేను నేర్చిన తొలి పాఠం ఇది.

1994లో రిచర్డ్ హెర్న్‌స్టీన్, చార్లెస్ మరీ వెలువరించిన ‘ది బెల్ కర్వ్’ విషయంలో అమెరికాలో అనేకులు ఈ పాఠాన్ని విస్మరించారు. నల్లజాతివారు పుట్టుకతోనే మందమతులని నిరూపించడమే ఆ 800 పైచిలుకు పుటల గ్రంథం పని అని విమర్శకులలో పలువురు చాటారు. నిరూపణ అయిపోయిందని మరికొందరు చంకలు గుద్దుకున్నారు. ఇరువురూ ఒకే అబద్ధానికి సాక్షులు.

ఆ గ్రంథం నేను చదివాను. దాని ప్రధాన వాదం వర్గం గురించి. తల్లిదండ్రుల ఆర్థిక స్థితి కంటె తెలివితేటల పరీక్షలో వచ్చిన మార్కులే మనిషి పేదరికాన్ని ఎక్కువగా ముందు సూచిస్తాయని వారి ప్రతిపాదన. దానికి ఆధారమైన రెండవ భాగమంతా శ్వేతజాతి యువతీయువకుల గణాంకాలతోనే నడిచింది. జాతుల మధ్య అంతరానికి జన్యువులూ పరిసరాలూ రెండూ కారణం కావచ్చునని, దేని పాలు ఎంతో తేల్చలేమని వ్రాశారు.

ఇంతమాత్రాన ఆ గ్రంథాన్ని నేను సమర్థించడం లేదు. దాని అసలు దోషాలు వేరే ఉన్నాయి. వారు తెలివితేటలకు కొలతగా తీసుకున్నది అమెరికా సైన్యపు అర్హతా పరీక్ష. అందులో అడిగేవి లెక్కలు, పదజాలం, చదివి గ్రహించడం. ఇవి బడి నేర్పేవి. 1996లో బర్కిలీ సామాజిక శాస్త్రజ్ఞులు అవే గణాంకాలను తిరిగి పరిశీలించి, కుటుంబం, బడి, పరిసరాల ప్రభావాన్ని ఆ రచయితలు తక్కువగా లెక్కించారని చూపారు. జాతుల అంతరానికి జన్యువులే కారణమనడానికి తగిన ఆధారం లేదని అదే ఏడాది అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ నిపుణుల సంఘం తేల్చింది. గ్రంథాన్ని కూల్చే వాదం ఇది. దీనిని విడిచి 2017లో మిడిల్‌బరీ కళాశాలలో మరీని కేకలతో మాట్లాడనీయలేదు. ఆయనను ప్రశ్నించవలసిన అధ్యాపకురాలే ఆ గలభాలో గాయపడ్డారు. గ్రంథకర్త బాధితుడయ్యాడు, గ్రంథం ప్రశ్నలు తప్పించుకుంది.

ఈ గొడవ మనకెందుకని అడగవద్దు. కాలిఫోర్నియాలో స్పానిష్ మాట్లాడే కుటుంబాల పిల్లలను 9 మందిని ఆంగ్లంలో పరీక్షించి మందబుద్ధుల తరగతిలో వేశారు. స్పానిష్‌లోనూ ప్రశ్నించి చూడగా అత్యధికులు ఆ గీత దాటారు. 1970లో ‘డయానా’ దావా రాజీతో, పిల్లలను మాతృభాషలో పరీక్షించాలన్న నియమం వచ్చింది. అక్కడ పనిచేసినది నినాదం కాదు, సాక్ష్యం.

హోసూరులో గాని, బళ్లారిలో గాని, రాయగడలో గాని మన బిడ్డను పరభాషలో ప్రశ్నించి ‘మొద్దు’ అంటే, ముందుగా ఆ ప్రశ్నపత్రం అడిగి తీసుకోండి. ప్రాథమిక దశలో మాతృభాషా బోధనకు సౌకర్యాలు కల్పించమంటున్న రాజ్యాంగ 350ఎ అధికరణాన్ని దాని పక్కన పెట్టండి. ఎదుటివాడు అనని మాటను అతనికి అంటగట్టకండి. అన్నమాటే చాలు, అతనిని ఓడించడానికి.