మౌంటురోడ్డు ఫోటోగ్రాఫరు

భోగి ముందు ఇళ్ళు దులుపుకునే రోజుల్లో మేము ఎరిగిన వారింటికి వెళ్ళాము. వరండాలో పాత చీపుళ్ళు, విరిగిన పీటలు, వాటి పక్కనే నవారుతో కట్టిన పటాల కట్ట ఒకటి భోగిమంటకు సిద్ధంగా ఉంది. పైనున్న దాన్ని తిరగేసి చూచాము. అట్ట వెనుక ముద్రించిన అక్షరాలలో పురుగు తినగా మిగిలినవి “మౌంట్ రోడ్, మద్రాస్” అనే మాటలు మాత్రమే. ఫోటోగ్రాఫరు పేరు ఉండవలసిన చోట చిల్లు. పటంలో తలపాగా చుట్టుకున్న పెద్దాయన కూర్చుని ఉన్నారు. ఆయన పక్కన కుర్చీ మీద చెయ్యి వేసి ఇల్లాలు నిలబడి ఉంది. ఎవరని అడిగితే, “మా మామగారి తాతగారని అంటారండీ, నాకూ సరిగా తెలియదు” అన్నారు ఆ ఇంటి అమ్మగారు. ఆమెను అడిగి కట్టను మా ఇంటికి తెచ్చుకున్నాము.

ఆ చిల్లులో ఎవరి పేరైనా ఉండి ఉండవచ్చు. ఆ వీధిలో స్టూడియోలు చాలానే నడిచాయి. మాకు మాత్రం వెంటనే తోచిన పేరు రఘుపతి వెంకయ్య నాయుడుగారిది. తెలుగు సినిమాకు పితామహుడని ఆయనను అందరూ ఎరుగుదురు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 1980లో ఆయన పేర పురస్కారం కూడా నెలకొల్పింది. అంతకు ముందు ఆయన బతికిన బతుకు ఫోటోగ్రాఫరు బతుకు. దాన్ని తలచుకునేవారు తక్కువ.

ఆయన 1869లో బందరులో పుట్టారు. పదిహేడేళ్ళ ప్రాయంలో చెన్నపట్నం చేరి ఫోటోలు తీయడం చేపట్టి, మౌంటురోడ్డున, అంటే నేటి అణ్ణాశాలై మీద, స్టూడియో నడిపారు. చెన్నపట్నానికి ఫోటో విద్య అప్పటికే పాతది. 1850లలోనే ఇక్కడ ఫోటోగ్రాఫిక్ సొసైటీ వెలసింది. లిన్నేయస్ ట్రైప్ అనే సైనికాధికారి 1858లో మధుర, తంజావూరు గుళ్ళను పటాలు తీశాడు. అయితే అది దొరతనం వారి ఖర్చుతో సాగిన పని. వచ్చిన మనిషిని కూర్చోబెట్టి, పటం తీసి, ఆ రొఖ్ఖంతో పొయ్యి రాజేసుకోవడం వేరు సంగతి.

ఆ కాలపు స్టూడియోలో పని ఎట్లా సాగేదో కొంచెం చెప్పుకోవాలి. దీపాల వెలుగు చాలదు గనుక పైకప్పుకో, గోడకో అద్దాలు బిగించి, తెరలు అటూ ఇటూ లాగి ఎండను పాకానికి తెచ్చుకునేవారు. మబ్బు పడితే ఆ పూట బేరం లేనట్టే. వచ్చినవారు కొన్ని క్షణాలు కదలకుండా ఉండాలి. అందుకని మెడ వెనుక కనపడకుండా ఇనుప ఊత ఒకటి నిలబెట్టేవారు. మన పాత పటాల్లో పెద్దలందరూ కోపంగా ఉన్నట్టు కనిపిస్తారే, అది కోపం కాదు, ఊపిరి బిగబట్టడం! ఫోటో తీయించుకుంటే ఆయుష్షు తగ్గుతుందనే భయం కూడా కొంత కలిసి ఉండవచ్చు.

ఇంకొక చిక్కు రంగులది. నాటి గాజు పలకలకు నీలం తెలిసినంతగా ఎరుపూ పసుపూ తెలియవు. ఎర్రని కుంకుమ నల్లబొట్టు అయ్యేది. ఎర్రంచు పట్టుచీర నల్లచీర అయ్యేది. పసుపు రాసుకుని నిండుగా వచ్చిన ముత్తైదువ ముఖం పటంలో చామనఛాయకు దిగిపోయేది. అప్పుడు ఫోటోగ్రాఫరు ఆ గాజు పలకను వెలుగుకు ఎదురుగా పెట్టుకుని, సన్నగా చెక్కిన పెన్సిలుతో ముఖం మీద చుక్క చుక్కగా దిద్దేవాడు. పలక మీద పెన్సిలు పడ్డ చోట కాగితం మీద తెలుపు తేలుతుంది. కంటిచూపు పోగొట్టుకునే పని అది. ఆ తరువాత కాగితాన్ని పలకకు అదిమి ఎండలో పెట్టి పటం అచ్చు తీయాలి. ఆ కాగితానికి చాలాకాలం కోడిగుడ్డు తెల్లసొన పూత పూసేవారు. మడి కట్టుకుని నిప్పులు కడిగిన ముత్తాతలు ఎందరు ఆ సొన మీద కొలువై, మన పూజగదులకెక్కి కూర్చున్నారో! ఈ మాట మా ఇంట్లో అంటే రెండు రోజులు కాఫీ అందలేదు.

ఇటువంటి పనిలో ఆయన ఇరవై ఏళ్ళకు పైగా ఉన్నారు. నాలుగు డబ్బులు, పేరు సంపాదించుకున్నారు. 1909లో క్రోనోమెగాఫోను అనే యంత్రం సంగతి ఆయన చెవిని పడింది. తెర మీద బొమ్మ కదులుతుంటే, దానికి సరిగ్గా జోడించిన గ్రామఫోను రికార్డు పాట వినిపించేది. ఖరీదు ముప్పై వేల రూపాయలు. ఆ రోజుల్లో అది ఒక కుటుంబాన్ని తరతరాలు కూర్చోబెట్టి తినిపించగల సొమ్ము. వెంకయ్యగారు స్టూడియోను తాకట్టు పెట్టి ఆ యంత్రాన్ని కొన్నారు.

ఇది మాకు ఆశ్చర్యం. ఆయన నేర్చిన విద్య అంతా మనిషిని కదలకుండా నిలబెట్టడం. “కదలకండి, రెప్ప వేయకండి” అని రోజుకు ఎన్నిసార్లు అని ఉంటారో. ఆ మనిషి కదిలే బొమ్మ కోసం నిలిచిన బొమ్మను కుదువబెట్టారు. మన ఇళ్ళలో ఎవరైనా ఈ పని చేస్తే ఏమంటాము? అప్పట్లోనూ అదే అని ఉంటారు. పడుచుతనపు తొందర అందామంటే ఆయనకు అప్పటికి నలభై. అయితే ఇరవై ఏళ్ళు మెడ వెనుక ఊతలు బిగించిన వాడికే, ఆ ఊత తీసేస్తే ముఖం ఎట్లా విప్పారుతుందో తెలుస్తుంది. పటం తీయడం అయిపోయి, ఊపిరి వదిలి, పిల్లవాణ్ణి చూచి నవ్వే ఆ తల్లి ముఖాన్ని పలక ఎన్నడూ పట్టలేదు. ఫోటోగ్రాఫరు మాత్రం రోజూ చూచాడు. ఆయన మనసు అటు లాగడానికి ఇంతకంటె కారణం మాకు తోచదు.

1910లో విక్టోరియా పబ్లిక్ హాలులో ఆ యంత్రాన్ని ఆడించారు. సెంట్రల్ స్టేషను పక్కనున్న ఆ ఎర్ర భవనం ముందు నుండి మనలో ఎందరమో రోజూ బస్సులో పోతుంటాము. తరువాత డేరాలు వేసుకుని ఊళ్ళు తిరిగారు. సింహళం, బర్మా దాకా వెళ్ళారు. 1914 నాటికి మౌంటురోడ్డు దరిని గెయిటీ థియేటరు లేచింది. మన దేశస్థుడు ఈ ఊళ్ళో కట్టించిన తొలి సినిమాహాలుగా దానికి పేరు. మింటువీధిలో క్రౌను, పురసవాక్కంలో గ్లోబు కూడా ఆయనవే. కొడుకు ప్రకాశ్‌ను సినిమా విద్యకై విదేశాలకు పంపారు. ఆ తండ్రీకొడుకులు తీసిన మూకీ ‘భీష్మ ప్రతిజ్ఞ’ 1921 నాటిది.

పిమ్మట అప్పులు మీద పడ్డాయి, హాళ్ళు చేజారాయి. 1941లో వెంకయ్యగారు కన్నుమూశారు. గెయిటీ కూడా ఇప్పుడు లేదు.

మేము తెచ్చుకున్న పటం బల్ల మీదనే ఉంది. మొన్న భూతద్దంతో చూస్తే పెద్దాయన చెవి వెనుక సన్నని నల్లగీత కనపడింది. అది ఇనుప ఊత అంచు. ఇల్లాలి బుగ్గ మీద పెన్సిలు చుక్కలు కూడా తెలుస్తున్నాయి, దగ్గరగా, ఓపికగా పెట్టినవి. మీ ఇళ్ళలో అటకల మీద ఇటువంటివి ఉంటే ఒకసారి వెనుకకు తిప్పి చూడండి. స్టూడియో పేరు చెడకుండా ఉన్న అట్ట ఒక్కటి దొరికినా మాకు జాబు వ్రాయండి. పటం పంపనక్కరలేదు. మేమే వచ్చి చూచి వెళతాము.