బెల్టు కడితే కంత పూడుతుందా?

“హెర్నియాకు కోత దేనికి? బెల్టు బిగించు, పసరు రాయించు!” గజ్జలో ఉబ్బు తేలిన నాటినుండి నాకు అందిన ఉచిత సలహాలివి. అయ్యా, పొట్టకండరాల గోడలో పడిన కంతను ఏ పసరూ పూడ్చలేదు. బెల్టు ఉబ్బును అదుముతుందే గాని మాన్పదు.

బాధ అంతగా లేని పురుషులు వేచి చూడవచ్చునని 2006లో ఒక అమెరికా అధ్యయనం తేల్చింది. నిజమే. అలా వేచినవారిలో పదేళ్ళలో 68 శాతం శస్త్రచికిత్సకే వచ్చారని, అధికులు నొప్పివల్లనేనని 2013లో అదే బృందం చెప్పింది. వేచి ఉండటం వాయిదాయే గాని వైద్యం కాదు.

నొప్పి మొదలవగానే నేను మెష్ వేయించుకొన్నాను; ఆ సాయంత్రమే నడిచాను. ఇప్పుడు వారే “నెలదాకా మంచం దిగకు” అంటున్నారు! వైద్యుడు వద్దన్నది బరువులెత్తడం, నడక కాదు.

సలహాదారులకు నా ప్రశ్న ఒక్కటే: ఉబ్బు లోనికి పోక, బిగిసి, వాంతులైన రాత్రి పేగును కాపాడేది మీ పసరేనా?