ఒక చెరువు, రెండు చేపలు

బ్రిటిష్ కొలంబియా తీరమున పవెల్ రివర్ అను ఊరినుండి పడవ యెక్కి అరగంటకు పైగా ప్రయాణము చేసినచో టెక్సాడా అను దీవికి చేరుదుము. సున్నపురాతి గనులకు పేరుపడిన ఆ దీవిలో, అడవిచెట్ల నడుమ, పాక్స్టన్ సరస్సు అను నీటిపట్టు ఒకటి కలదు. మన సీమలోనైనచో దానిని సరస్సనుటకు ఎవరును ఒప్పుకొనరు, ఊరిచెరువందురు. అందులో వ్రేలెడు పొడవు గల చేపలు రెండు రకములున్నవి. ఒకటి ఒడ్డువెంబడి అడుగుబురదను గెలికి పురుగులను ఏరుకొని తినును. దాని నోరు పెద్దది, మేను బలిసినది. రెండవది నడినీట ఈదుచు, మన కంటికి ఆననంతటి తేలియాడు జీవములను మొప్పలలోని దువ్వెనపండ్లవంటి ముండ్లతో వడగట్టి తినును. దాని మేను సన్నము, కన్ను పెద్దది. ఒకే నీటిలో పుట్టి పెరుగుచున్నను ఈ రెండును బహు అరుదుగా తప్ప ఒకదానితో నొకటి జతకూడవు. శాస్త్రజ్ఞు లెరిగిన జీవజాతులలో ఇంత పిన్నవయస్సు గలవి మిక్కిలి కొద్ది.

ఈ చేపల ప్రసక్తి నాకు ఊరక రాలేదు. పోయిన నెల బర్నబీలో పిల్లల తెలుగు తరగతి ముగిసి కుర్చీలు సర్దుకొనుచుండగా, పదేండ్ల బాలుడొకడు నా దగ్గరకు వచ్చి, "తాతగారూ, పరిణామం అంతా డైనోసార్లప్పుడే అయిపోయింది కదా, ఇప్పుడేం జరగటం లేదు కదా?" అని అడిగెను. నేను బదులు చెప్పులోపలనే వాని తల్లి అందుకొని, "ఇప్పుడు ఊహించుకోనక్కర్లేదు మాస్టారూ, సీసాలో ఉమ్మి పోసి పంపిస్తే మన తాతముత్తాతల సంగతంతా డి.ఎన్.ఏ.లో చదివి చెప్పేస్తున్నారు" అనెను. బిడ్డ మాటలో పరిణామము గడచిపోయిన కథ. తల్లి మాటలో అది అక్షరములలో సమగ్రముగా వ్రాసియున్న కథ. ఇద్దరును తెలివిగలవారే; కాని ఆ రెండభిప్రాయములును చాలవని నా నమ్మకము, ఆ నమ్మకమును నాకు కలిగించినవి ఈ చేపలే.

ఆంగ్లమున దీని పేరు స్టికిల్‌బ్యాక్; వీపున మూడు ముండ్లుండుటచే మూడుముండ్ల చేప యని పిలుచుకొందము. ఇది మొదట సముద్రపు చేప. ఇంచుమించు 12,000 సంవత్సరముల క్రిందట హిమయుగము ముగిసి, గుట్టలను మించిన మంచు కరగి, ఆ బరువు తొలగిన నేల మెల్లమెల్లగా పైకి లేచినప్పుడు, తీరమునందలి పల్లములు కడలినుండి వేరుపడి చెరువులైనవి. వానిలో చిక్కువడిన చేపలు ఉప్పునీరు మరచి మంచినీటికి అలవాటుపడినవి. ఎముకలకు ఎఱ్ఱరంగు పట్టించి గాజుసీసాలో నిలువజేసిన ఈ చేపలను ఒక ప్రయోగశాలలో దగ్గరగా చూచు భాగ్యము నాకు కలిగినది. కడలిచేప ప్రక్కన, తలమొదలు తోకవరకు, ముప్పదికి పైగా ఎముకపలకలు పెంకుటింటి కప్పుమీది పెంకులవలె ఒకదానిపై నొకటి ఒరగి నిలిచియుండెను. రెండవ సీసాలోని చెరువుచేపకు తలవెనుక కొన్ని పలకలు తప్ప తక్కిన మేనంతయు బోసిగా నుండెను. కవచధారియైన యోధుడును, పైపంచె తీసి గట్టున పెట్టి చేలోనికి దిగిన సేద్యగాడును ప్రక్కప్రక్కన నిలిచినట్లు తోచెను. పాక్స్టన్ అడుగుచేపలలో పెక్కింటికి కడుపుక్రింది ముండ్లు సహితము లేవు.

ఈ జంటజాతులను బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయమున డోనాల్డ్ మెక్‌ఫెయిల్ చిరకాలము పరిశీలించెను; ఆ పిమ్మట అచ్చటనే డాల్ఫ్ ష్లూటర్ వానిని పట్టుకొని విడువలేదు. యౌవనమున గాలపాగోస్ దీవులలో డార్విను పిచ్చుకల వెంట తిరిగిన ఈయన, వాంకూవరున ప్రయోగములకై త్రవ్వించిన చెరువులలో తాను కోరిన చేపలను కోరిన పాళ్ళలో వదలి, ఏది పెరుగుచున్నదో, ఏది చిక్కిపోవుచున్నదో లెక్కించెను. పోటీదారును ఎక్కువగా పోలిన చేపయే పోటీవలన ఎక్కువగా నష్టపడునని 1994లో చూపెను. మత్స్యన్యాయమనగా పెద్దచేప చిన్నచేపను మ్రింగుటయే యని మనము చదువుకొంటిమి. ఈ చెరువుల న్యాయము వేరు: ఇచ్చట తగవు తన్ను పోలినదానితోనే, కనుక వేరుపడుటయే బ్రతుకుతెరువు. 2023లో ఆయనకు క్రాఫూర్డ్ బహుమానము లభించినది. నేను చదువు తెలుగు పత్రికలలో ఆ వార్త నా కంటబడలేదు.

కవచము పోయిన సంగతి కన్ను చూచినది. ఏ అక్షరము మారుటచే పోయినదో కన్ను చూడజాలదు. ఆ కొరతను తీర్చినది జన్యుశాస్త్రము. ఈ చేప జీనోము ఇంచుమించు 46 కోట్ల అక్షరముల గ్రంథము. అందులో కవచమునకు మూలమైన జన్యువును స్టాన్‌ఫర్డులోని డేవిడ్ కింగ్స్లీ బృందము 2005లో గుర్తించినది. దాని పేరు ఈడీఏ. అసలు ఆశ్చర్యము ఆ తరువాత కలిగినది. పసిఫికు తీరపు చెరువులలోను, దానికి ఎంతో దూరమున అట్లాంటికు తీరపు చెరువులలోను, ఒకదాని నొకటి ఎన్నడును ఎరుగని చేపలు కవచమును విడుచుటకు చాలవరకు ఒకే జన్యురూపమును వాడుకొన్నవి. ఆ రూపము వయస్సు చెరువుల వయస్సు కంటె ఎంతో హెచ్చు, ఇరువది లక్షల యేండ్లకు తక్కువ కాదని వారు అంచనా కట్టిరి.

తాళపత్రప్రతుల సంగతి ఎరిగినవారికి ఇది బోధపరచుట సులభము. కడపలో బ్రౌనుదొర పండితులను కూర్చుండబెట్టి, ఒకే కావ్యమునకు పలుచోట్లనుండి తెప్పించిన ప్రతులను పోల్చి చూపించెను గదా. అట్టి పనిలో పది ప్రతులలో లేని పాఠము పదునొకండవ ప్రతిలో బయటపడుట కలదు. అది నిన్న పుట్టినది కాదు, ప్రాతదే, అరుదుగా నిలిచినది. కవచహీనమైన రూపము సముద్రపు చేపలలో అట్లే, కొన్నిటియందు మాత్రము, అణగియుండి తరతరములు సాగివచ్చినది. సంద్రమున దానికి ఆదరము లేదు, చెరువు చేరిన నాడు అదియే సర్వసామాన్యమైన పాఠమైనది. 2008లో బారెట్, రోజర్స్, ష్లూటర్ అను మువ్వురు అట్టి అరుదైన రూపము గల సముద్రపు చేపలను వెదకి పట్టి మంచినీటి చెరువులలో వదలి, ఒక్క తరములోనే ఆ పాఠముల పాళ్ళు మారుటను కనులార చూచిరి. 2012లో 21 చేపల జీనోములను చదివి పోల్చినప్పుడు, కడలినుండి చెరువునకు వచ్చిన ప్రతిసారియు ఆ గ్రంథములో అవే తావులు మరల మరల మారినట్లును, ఆ మార్పులలో అధికభాగము జన్యువునందు కాక దానిని ఎప్పుడు, ఎచ్చట పనిచేయించవలెనో నిర్ణయించు మీటలయందున్నట్లును తేలినది. క్రొత్త ఆకారమునకు క్రొత్త సరకు అన్నివేళల అక్కరలేదు. ఆ బాలునికి నేను చెప్పవలసిన బదులు ఇదియే: నాయనా, అది అయిపోలేదు, నీవు బడికి పోవుచుండగా జరుగుచున్నది.

ఈడీఏ అను పేరు చేపనుండి వచ్చినది కాదు, మనుష్యునినుండి వచ్చినది. 1875లో వెలువడిన ఒక గ్రంథపు రెండవ ముద్రణలో డార్విను సింధుదేశపు హిందూకుటుంబ మొకదానిని గూర్చి వ్రాసెను. నాలుగు తరములలో ఆ ఇంటి పురుషులు పదుగురికి పండ్లు మిక్కిలి తక్కువ, మేన వెంట్రుకలు అంతంతమాత్రము, ఎండకాలమున చర్మము ఎండిపోయి వారు పడుబాధ ఇంతింతయని చెప్పరానిది. ఆడుబిడ్డలకు ఆ లోపము కనబడదు గాని వారి కుమారులకు సంక్రమించును. చెమట పట్టని మేనికి వేసవి ఎట్టి నరకమో గుంటూరు ఎండ నెరిగినవారికి చెప్పనక్కరలేదు. ఆ వ్యాధికి మూలమైన జన్యువు 1996లో దొరకినది. చేప కవచమును శాసించునదియు అదియే. మన పండ్లును, రోమములును, స్వేదగ్రంథులును, చేప ప్రక్కనున్న పలకలును ఒకే ప్రాచీనమైన ఆజ్ఞకు లోబడి ఏర్పడుచున్నవని తెలిసిన దినమున, నా అరచేతిని నేనే చాలసేపు చూచుకొంటిని. తాతముత్తాతల సంగతి కోరి ఉమ్మి పంపు మనవారికి వంశవృక్షము నాలుగైదు ఖండముల పేర్లతో ముగియుచున్నది; అది సంద్రములోనికి దిగిపోవుచున్నదని ఏ కాగితమును చెప్పుట లేదు.

ఇక తల్లి మాటకు వత్తును. మూడుముండ్ల చేపలలో మగది నీటినాచు పోగులను తన దేహమునుండి ఊరిన జిగురుతో అతికి గూడు కట్టి, ఆడుది పెట్టిపోయిన గ్రుడ్లకు గాలి యందుటకై రెక్కలతో నీటిని విసరుచు, పిల్లలు వెడలువరకు కావలి కాయును. లాస్కేటీ దీవిలో హాడ్లీ సరస్సున ఇట్టి జంటజాతులే యుండెడివి. ఎవరో మన జెల్లలకు దూరపు బంధువైన మీసాల చేపను తెచ్చి అందులో వదలిరి. అది గూళ్ళను దోచినది. 1990ల నడుమకు ఆ రెండు జాతులును పూర్తిగా నశించినవి. వాంకూవరు దీవిలోని ఈనోస్ సరస్సు కథ ఇంకను విచిత్రము. అచ్చటికి ఒక రకపు మంచినీటి రొయ్య చేరినది. దానితో అడుగు నాచు చెడి, నీరు కలగి, ఆ కలతలో రెండు రకముల చేపలు ఒండొంటితో కూడి, కొలది యేండ్లలో ఒకే సంకరగుంపుగా మారిపోయినవని శాస్త్రజ్ఞుల అభిప్రాయము. ఇందు ఒక్క సంగతి గమనింపవలెను: ఈనోస్‌లో జన్యువులు చాలవరకు ఇప్పటికిని ఉన్నవి. అక్షరములు పోలేదు, జాతులు పోయినవి. రెండు కావ్యముల ఆకులను విప్పి ఒకే కట్టగా కలిపినచో ఆకులన్నియు మిగులును, కావ్యము మిగులదు. జీనోము చదువుట మహావిద్యయే, నేను దానిని తక్కువ చేయను. కాని ఆ అక్షరములను అట్లు అమర్చి నిలిపినది ఒడ్డును, నాచును, తేటనీరును, ఆ చెరువు.

పాక్స్టన్ జంటను కెనడా తన 2002 నాటి ఆపన్నజాతుల చట్టపు పట్టికలో చేర్చినది, మంచిదే. అయినను బకెట్టు పట్టుకొని ఒడ్డునకు వచ్చు మనుష్యుని చేతిని చట్టము పట్టుకొనలేదు. మన ఇండ్లలో గాజుతొట్టిలోని చేపను చంపుటకు మనసొప్పక దగ్గరి చెరువున వదలి, జీవకారుణ్యమని తృప్తిపడువారిని నేనెరుగుదును. వారి దయ నిజమైనది. అందుచేతనే వారిని బ్రతిమాలుకొనుచున్నాను, దయచేసి అట్లు చేయకుడు.

ఏప్రిలు వచ్చినది. టెక్సాడా ఒడ్డున, అడుగంటిన నాచునడుమ, మగచేపలు గూళ్ళు కట్ట మొదలిడియుండును. ఆ బాలుని, వాని తల్లిని వెంటబెట్టుకొని వచ్చు ఆదివారము పడవ యెక్కుదమనుకొంటిమి; వేరొక చెరువుమట్టి అంటిన బూట్లు కడిగి బాగుగా ఆరబెట్టుకొని రమ్మని వారికి ముందే చెప్పితిని.